కిటికీ దగ్గరకు వచ్చినవాళ్ళు

బోగోలు తీరం,
జూన్ 22.

ఉషారాణి గారికి జీవానందం నమస్కారాలు.

వేట నిషేధం తీరి వారం దాటింది. నిన్న ముప్పై నాలుగు పడవలు వెళ్ళాయి, ముప్పై నాలుగూ వచ్చాయి. మీరు మన మత్స్యకారుల సంఘం ఆఫీసు వదిలి మనుబోలు వెళ్ళి ఏడాదైంది. మీ బల్ల మీద ఇప్పుడు తెగిన వలలు పెడుతున్నారు.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఫోన్లో నాకు మాట తోచదు. నాలుగేళ్ళు ఒకే గదిలో పనిచేశాం, ఎదురుగా ఉన్నప్పుడూ తోచేది కాదు, మీకు తెలియనిదేముంది.

పడవల పేజీ గురించి సంఘం అధ్యక్షుడు మాల్యాద్రి నన్నొక కాగితం రాసిమ్మన్నాడు. "అన్నా, నాకు రొయ్యకీ సర్వరుకీ తేడా తెల్దు. సభలో చదివితే ముసిలోళ్ళకి గూడా అర్థం కావాల" అన్నాడు. రాసింది ఇది. తప్పులుంటే దిద్దండి.

"పడవ బయలుదేరినా, తిరిగొచ్చినా వైర్‌లెస్‌లో ఆఫీసుకు చెబుతుంది. ఆ సంగతి మనం కంప్యూటర్లో ఎక్కిస్తాం. ఇంటి దగ్గరున్నవాళ్ళు ఫోన్లో పేజీ తెరిస్తే ఏ పడవ సముద్రం మీద ఉందో, ఏది ఒడ్డుకు చేరిందో కనిపిస్తుంది. ఈ పని చేసే ప్రోగ్రామును అప్లికేషన్ సర్వర్ అంటారు. రిజిస్టరు రాసేది అదే, వచ్చి అడిగిన ప్రతివాళ్ళకూ జవాబు చెప్పేదీ అదే. కొన్నిచోట్ల దాని ముందు వెబ్ సర్వర్ అని ఇంకొకదాన్ని కూర్చోబెడతారు. అప్పుడు వచ్చినవాళ్ళ సంగతి అది చూసుకుంటుంది. లోపలున్నది రిజిస్టరు పని మాత్రం చేసుకుంటుంది. మనకు ఒకటి చాలా, రెండూ కావాలా అన్నది తేల్చుకోవాలి."

మీ అభిప్రాయం రాయండి.

జీవానందం


మనుబోలు,
జూలై 5.

జీవానందం గారూ,

పోస్ట్‌మాన్ కవరు ఇచ్చేటప్పుడు మా అత్త వాకిట్లో ఉన్నారు. "ఉత్తరమా? ఎవురు పోయినారమ్మే?" అని గుండె పట్టుకున్నారు. ఎవరూ పోలేదత్తా, ఆఫీసు సంగతి అంటే, "ఆఫీసు ఇడిసిపెట్టి ఏడాదాయె, ఇంకా ఏం సంగతి" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళారు. అందరూ పొలంలో ఎడగారు వరి పైరు హడావుడిలో ఉన్నారు. నేను పొద్దున వంట చేసి, ఇక్కడి కాలేజీలో కంప్యూటర్ల గది తాళం తీసి, సాయంత్రం వేసి వస్తున్నాను. పనంటే అదే.

మీ కాగితం బాగుంది. మాల్యాద్రికి కూడా అర్థమవుతుంది.

ఒకటే ఉంటే మేలు ఉంది. చెడితే ఎక్కడ చెడిందో వెతుక్కోనక్కర్లేదు. ఇప్పటి అప్లికేషన్ సర్వర్లు బొమ్మలూ పేజీలూ తామే ఇచ్చుకోగలవు. యాభై మంది చూసే చోట రెండోది పెట్టడం పని పెంచుకోవడమే. రెండోదాన్ని కూడా నేర్చుకోవాలి, కాపలా కాయాలి.

కానీ మన రేవులో సిగ్నల్ సంగతి మీకు తెలుసు. పేజీ ఆ ఫోన్లకు నత్తలా చేరుతుంది. అది చేరేదాకా అప్లికేషన్ సర్వర్ చెయ్యి ఖాళీ కాదు. దానికి రెండొందల చేతులున్నాయనుకోండి. రెండొందలూ ఫోన్లే పట్టుకుంటే మీరు ఎక్కించే ఎంట్రీకి ఒక చెయ్యి కూడా మిగలదు. వెబ్ సర్వర్ అలా కాదు. లోపలి నుంచి పేజీ ఒకసారి అందుకుని, వేల మందిని వరండాలో కూర్చోబెట్టి ఎవరి నిదానం వాళ్ళకు అందిస్తుంది. కాబట్టి మనకు రెండూ కావాలనే అంటాను.

అందుకే వచ్చేముందు ఆఫీసు కంప్యూటర్లో ఒక ఫోల్డరు పెట్టి వచ్చాను. వెబ్ సర్వర్‌కు కావలసినదంతా రాసి, ఏ వరుసలో నడపాలో కూడా రాసి పెట్టాను. రెండు నెలల ఆదివారాలు పట్టింది. దాన్ని తెరిచారా?

ఉషారాణి


బోగోలు తీరం,
జూలై 30.

ఉషారాణి గారికి,

మీ ఉత్తరం అందింది. ఒకటే ఉంచుదామనుకుంటున్నాను. ఒక మనిషి నడిపే ఆఫీసు, ఒక కంప్యూటరు, ఒక ప్రోగ్రాము. నాకు తెలిసినంతలో నేను బాగు చేసుకోగలను.

ఒక సంగతి మాత్రం మీకు చెప్పాలి. పేజీ తెరిచి ఉంచిన ఫోన్లు లెక్కపెట్టాను. ఊళ్ళో ఇళ్ళ కంటే ఎక్కువున్నాయి. పొద్దున తెరిచినవి సాయంత్రందాకా మూయడం లేదు. మన దుర్గ వాళ్ళ అత్తగారు వెంకటశేషమ్మ కొడుకు పడవ సంగతి కనుక్కోవడానికి ఆఫీసు కిటికీ దగ్గరకు వస్తే అడిగాను.

"అమ్మా, చూసినాక పేజీ మూసేయొచ్చు గదా."

"మూసేదా? నీ నోట్లో మన్నుబడ! బిడ్డ సముద్రం మీద ఉండంగా ఇంటి తలుపే గడియ పెట్టం. ఇది మూస్తామా?"

"తలుపు వేరు, ఫోన్ వేరు గదమ్మా."

"నువ్వు బిట్రగుంట రైలు కాలనీలో పుట్టినోడివి. రైలొస్తే గేటు మూసేది తెల్సు నీకు. మాకు మూసేది తెల్దు. నాది తెరిచే ఉంటది, కోడలిది తెరిచే ఉంటది."

"మరి తెరిచే ఉంటే ఇంతదూరం ఎందుకొచ్చినావు?"

"అది గుండ్రంగా తిరగతా ఉండాది, గానుగెద్దు మాదిరి. నిన్నడిగితే నిమిషం. చెప్పు అబ్బయా, మావోడు యాడున్నాడు?"

చెప్పాను. పోలేదు. ఆఫీసు అరుగు మీద కూర్చుని, వాళ్ళ పెళ్ళినాటికి ఈ తీరంలో చేప ఎట్లా పడేదో అరగంట చెప్పింది. వెళ్ళేటప్పుడు, "మాట్లాడవేందబ్బయా, మూగోడి కాడ కూర్చున్నట్టుంది" అని నవ్వింది.

పేజీ తయారుచేసినప్పుడు, జనం చూసి మూస్తారని మనం లెక్క వేశాం. మీరు వరిపొలాల మధ్య పెరిగినవారు, నేను రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. ఇద్దరికీ తట్టలేదు.

పాత ఎంట్రీలు ఎన్నేళ్ళు ఉంచాలి? తెలియజేయగలరు.

జీవానందం


మనుబోలు,
ఆగస్టు 21.

జీవానందం గారూ,

వెంకటశేషమ్మ మాట చదివి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత భయం వేసింది. తెరిచి ఉన్న ప్రతి పేజీ పది సెకన్లకోసారి "ఏమైంది?" అని సర్వర్‌ను అడుగుతుంది. అలా పెట్టింది నేనే. మామూలు రోజుల్లో పేజీ తిరుగుతుంది, అంతే. గాలి లేచిన రోజున చుట్టాలూ పక్కాలూ అందరూ ఒక్కసారే తెరుస్తారు. ఆరోజు మీరొక్క ఎంట్రీ కూడా ఎక్కించలేరు.

వాళ్ళను మూయమనలేం. ఇక మిగిలింది ఒకటే. అక్టోబరు గాలులు రాకముందే ముందొక వెబ్ సర్వర్ పెట్టండి. ఇది అభిప్రాయం కాదు, బతిమాలుతున్నాను.

ఫోల్డరు సంగతి అడిగితే మీరు జవాబు రాయలేదు.

పాత ఎంట్రీలు ఏడేళ్ళు ఉంచాలి. ఈ మాట నాకు చెప్పిందే మీరు.

ఉషారాణి


బోగోలు తీరం,
అక్టోబరు 24.

ఉషారాణి గారికి,

ఈ నెల ఇరవై ఒకటిన వాయుగుండం వచ్చింది. ఉదయం పదకొండు నుంచి పన్నెండూ నలభై దాకా పేజీ నిలిచిపోయింది. పన్నెండు పడవలు దారి మార్చుకుని దక్షిణాన ఇంకో రేవులో ఆగాయి. ఆ సంగతి వైర్‌లెస్‌లో నాకు చెప్పాయి. పేజీలో పెట్టలేకపోయాను. రెండుసార్లు ఆపి నడిపితే వెంటనే నిండిపోయింది. మూడోసారి నిలిచింది.

సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళందరూ క్షేమం. ఆఫీసు దగ్గర కొద్దిగా ఇబ్బంది జరిగింది, సర్దుకుంది.

సర్వర్ ఆపి నడిపే లోపల తెల్ల పేజీ కాకుండా ఏదైనా ఒక మాట కనిపించేలా చేయవచ్చా?

జీవానందం


మనుబోలు,
నవంబరు 3.

జీవానందం గారికి,

దుర్గ ఫోన్ చేసింది. ఏడుస్తూ చెప్పింది.

"అక్కా, మా అత్తకి తుంటి ఎముక విరిగింది. నెల్లూరులో ఆపరేషన్ చేసినారు. కర్ర పట్టుకుని గూడా నడస్తదో నడవదో చెప్పలేమన్నారు. ఫోన్లో మా పడవ సముద్రం మీదనే అని ఉండాది. ఆఫీసుకి చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. వద్దత్తా అంటే వినలే. జీవానందమన్నని అడిగొస్తా అని ఆ వానలోనే పోయింది. ఆఫీసు మెట్టు మీద జారి పడింది."

ఆమె బయలుదేరే ముందే ఆ పడవ ఇంకో రేవులో కట్టేసి ఉంది. ఆ సంగతి ఊరు మొత్తం మీద మీ ఒక్కరికే తెలుసు.

మీరు నాకు "కొద్దిగా ఇబ్బంది" అని రాశారు.

తెల్ల పేజీ రాకుండా చేయవచ్చు. ఆ పని వెబ్ సర్వర్ చేస్తుంది. అప్పుడు కనిపించాల్సిన వాక్యం కూడా నేను ఆ ఫోల్డరులో రాసి పెట్టాను. ఇప్పుడు మూడోసారి అడుగుతున్నాను, తెరిచారా లేదా? అర్థంకాక వదిలేశారా? నా పని నచ్చక వదిలేశారా? ఏదైనా ఒక్క మాట రాయండి. రాయలేకపోతే ఇక నాకు ఉత్తరాలే రాయవద్దు.

ఉషారాణి


బోగోలు తీరం,
నవంబరు 11.

ఉషారాణి గారికి,

తెరిచాను. మీరు వెళ్ళిన పదో రోజునే తెరిచాను. మీరు రాసిన వరుసలోనే నడిపాను. ఎక్కడా ఒక్క అక్షరం మార్చాల్సిన పని రాలేదు. పేజీ తిరగడం ఆగిపోయింది. ఫోన్లో వెంటనే పడేది.

నేను రోజూ రాసుకునే పుస్తకం మీరు చూశారు. ఆ వారం అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సోమవారం. వెళ్ళినవి 29, వచ్చినవి 29. కిటికీ దగ్గరకు వచ్చినవాళ్ళు 2.
మంగళవారం. వెళ్ళినవి 31, వచ్చినవి 31. వచ్చినవాళ్ళు ఎవరూ లేరు.
బుధవారం. వెళ్ళినవి 31, వచ్చినవి 31. ఎవరూ లేరు.
గురువారం. వెళ్ళినవి 30, వచ్చినవి 30. ఎవరూ లేరు.
శుక్రవారం వేటకు పోలేదు.
శనివారం. వెళ్ళినవి 33, వచ్చినవి 33. ఎవరూ లేరు. సాయంత్రం వెబ్ సర్వర్ ఆపేశాను.
ఆదివారం. వెళ్ళినవి 12, వచ్చినవి 12. వచ్చినవాళ్ళు 7.

మీ పని నచ్చకపోవడం కాదు. అది బాగా పనిచేసింది కాబట్టే ఆపాను.

మా ఆవిడ రెజీనా పోయి అయిదేళ్ళు. ఆమె ఉన్నన్నాళ్ళు ఇంట్లో మాట్లాడే పని ఆమెదే. తర్వాత మీరు ఉండేవారు, మీరు మాట్లాడుతుంటే నేను వినేవాణ్ణి. మీరు వెళ్ళాక ఆఫీసు వెనక గదిలో నిద్రలేచి, ఆఫీసులోకి వచ్చి, తిరిగి ఆ గదికి వెళ్ళేదాకా వైర్‌లెస్‌లో పడవల పేర్లు తప్ప ఇంకేమీ వినను. పేజీ నెమ్మదిస్తే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. "అన్నా, మా పడవ?" అనేవాళ్ళు. "ఉందమ్మా" అనేవాణ్ణి. అంతే. అయినా రోజుకు ఏడెనిమిదిసార్లు ఆ మాట అనవచ్చు.

ఎవరికీ నష్టం లేదనుకున్నాను. రెండు నిమిషాలు ఆలస్యం అవుతుంది, అంతేగదా అనుకున్నాను. మీరు గాలి సంగతి రాసినప్పుడు సెప్టెంబరులో పెడదామనుకున్నాను. సెప్టెంబరులో అక్టోబరు మొదటి వారం అనుకున్నాను.

ఇది కూడా రాయాలి. ఆరోజు వైర్‌లెస్ ముందు కూర్చుని ఉండగా వానలో నాకు "అబ్బయా" అని పిలుపు వినిపించింది. ఆమె పడిందని నాకు తెలియదు. ఎవరో వచ్చారనుకున్నాను. మొదట నాకు కలిగింది సంతోషం.

మాల్యాద్రి వచ్చి, "వానలో జారితే నువ్వేం జేస్తావన్నా, ఊరుకో" అన్నాడు. అతనికి ఈ సంగతి చెప్పలేదు.

జీవానందం


మనుబోలు,
నవంబరు 19.

జీవానందం గారూ,

మీ ఉత్తరం వాకిట్లోనే నిలబడి చదివాను. ఈసారి మా అత్త ఎవరు పోయారని అడగలేదు. నా ముఖం చూసి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

మిమ్మల్ని ఓదార్చడం నాకు చేతకాదు. ఓదార్చాలని కూడా లేదు. ఇది చేరిన రోజునే ఆ ఫోల్డరు నడపండి. మళ్ళీ ఆపే వీలు మీ ఒక్కరి చేతిలో ఉంచకండి. ఇంకొకరికి నేర్పండి. సభలో చెప్పండి. కానీ అంతకంటే ముందు ఆమెకు చెప్పండి, మీ నోటితో. ఉత్తరం రాసి పంపకండి. ఆమెకు చదువు రాదు.

నా సంగతి కూడా ఒకటి ఉంది. మీరడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు మీకు ముందే తెలుసని నాకు మొదటి ఉత్తరంలోనే అనుమానం వచ్చింది. ఏడేళ్ళ మాట దగ్గర రూఢి అయింది. అయినా జవాబులు రాస్తూనే ఉన్నాను. ఈ ఇంట్లో తొమ్మిది మందిమి ఉన్నాం. కూర ఏం చేస్తావని తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగరు. మీ ఉత్తరం వచ్చిన రోజున కాలేజీలో తాళం వేసి, ఒక గంట అక్కడే కూర్చుని జవాబు రాసేదాన్ని. ఏదో దాస్తున్నారని తెలిసి కూడా గట్టిగా అడగకుండా మూడు నెలలు గడిపాను. గట్టిగా అడిగితే ఉత్తరాలు ఆగిపోతాయేమోనని.

ఉషారాణి


బోగోలు తీరం,
డిసెంబరు 8.

ఉషారాణి గారికి,

మీ వైపు నాట్లు అయ్యాయా? ఇది నాకు నిజంగా తెలియదు.

వెబ్ సర్వర్ నవంబరు ఇరవై రెండున పెట్టాను. ఇప్పుడు బయటి ఫోను ఏదీ లోపలి సర్వర్ దాకా రాదు, అన్నీ ముందే ఆగుతాయి. ఈ నెల రెండున మళ్ళీ గాలి లేచింది. ఆరొందల పైచిలుకు పేజీలు తెరిచి ఉన్నాయి. నేను ఎంట్రీ నొక్కిన వెంటనే ఎక్కింది. పడవ దారి మార్చుకున్న సంగతి నేను కుర్చీలో వెనక్కి వాలేలోపు ఊరంతటికీ తెలిసింది. కిటికీ దగ్గరకు ఎవరూ రాలేదు.

మీరు చెప్పిన వరుసలోనే చేశాను. సభకు ముందురోజు వెంకటశేషమ్మ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. మంచం మీద గోడకు ఆనుకుని ఉంది.

"ఎవురు? జీవానందమా? రా, రా. పేజీ బాగుజేసినావంట. దుర్గ చూపించింది, టక్కున పడతా ఉండాది."

"నీతో ఒక మాట చెప్పాలమ్మా."

"మాటా? నువ్వా? మేయ్ దుర్గా, ఇట్రామే, మూగోడు మాట్లాడతాడంట."

నవ్వుతూనే అంది. నేను నిలబడే చెప్పాను. మీరు చేసిపెట్టినది, ఏడాది కిందటే బాగా నడిచినది, నేను ఆపింది, ఎందుకు ఆపింది. దుర్గ గుమ్మంలో నిలబడి వింది. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. నా జన్మలో ఒకేసారి అంత మాట్లాడి ఉండను.

ఆమె దుప్పటి కాలి మీదికి లాక్కుంది.

"మేమొచ్చి పలకరించాలని ఆపినావు."

"అవునమ్మా."

"మనిషి కావాలంటే నువ్వు రావాల గదా అబ్బయా, మా ఇంటికి. మమ్మల్ని నీ కాడికి నడిపిస్తావా? నీకు కాళ్ళుండాయి గదా."

తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుంది. కొంచెంసేపు నిలబడ్డాను. "పో ఇంగ" అంది. వచ్చేశాను.

సభలో అదంతా మళ్ళీ చెప్పాను. మాల్యాద్రి తల ఎత్తలేదు. నన్ను తీసేయాలని కొందరన్నారు. వైర్‌లెస్ తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారని ఇంకొందరన్నారు. దుర్గ లేచి, "సర్వరు పని నేను నేర్చుకుంటా. దాన్ని ఆపే తాళం నా కాడ ఉండాల, ఈయన కాడ గాదు" అంది. అందరూ ఒప్పుకున్నారు. రోజూ పది గంటలకు వచ్చి గంటసేపు నేర్చుకుంటోంది. చురుకైన పిల్ల. మీ ఫోల్డరు చదివి, "అక్క ఎంత బాగా రాసిందో" అంది. నన్ను ఇదివరకు అన్నా అనేది. ఇప్పుడు సారూ అంటోంది.

మధ్యాహ్నం మూడు గంటల వేళ వైర్‌లెస్ ఖాళీగా ఉంటుంది. అప్పుడు మాల్యాద్రిని కూర్చోబెట్టి వెంకటశేషమ్మ ఇంటికి వెళ్తున్నాను. మొదటి రోజు దుర్గ, "ఏంది సారూ?" అంది. ఏం లేదని వచ్చేశాను. రెండో రోజు అడగలేదు. ఆమె గోడవైపే తిరిగి ఉంటోంది. నేను గుమ్మం ఇవతల కాసేపు నిలబడి వస్తున్నాను.

నిన్న వెళ్ళేసరికి ఇటు తిరిగి ఉంది. నన్ను చూసింది. మళ్ళీ గోడవైపు తిరగలేదు, మాట్లాడనూ లేదు. నేనే గాలి ఈశాన్యం నుంచి వీస్తోందని, సాయంత్రానికి తగ్గవచ్చని చెప్పి వచ్చాను.

జీవానందం